పాములు లేవని తీర్మానం

ఒక పెద్ద అడవిలో పదేళ్ళు గడిచేసరికి వందేళ్ళు గడిచినంత పనైంది.

అంతకుముందు అక్కడ ఒక ముసలి సింహం రాజ్యం చేసేది. ఆకలేస్తే లేచేది, తిన్నాక పడుకునేది. పరిపాలన అంటే అంతే. సింహం పోయాక జంతువులన్నీ కలిసి సభ పెట్టుకున్నాయి. ఎన్నికలు జరిగాయి. అడవిదున్న భీమేశం అధ్యక్షుడయ్యాడు. ఆయనకి మెడ బలం ఎక్కువ, మాట తక్కువ. అందుకని మాటల పని చూడటానికి నక్క గంభీరయ్యను సలహాదారుగా పెట్టుకున్నాడు.

ఇక మార్పులే మార్పులు. నీళ్ళ దగ్గర తోపులాట పోయి వరుస వచ్చింది. ఇష్టమొచ్చినప్పుడు కూసే పిట్టలు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి సభ విశేషాలు కూయటం మొదలుపెట్టాయి. నెమళ్ళు వానకోసం ఆడటం మానేసి, ఎవరైనా చూస్తున్నారని రూఢి చేసుకున్నాకే పురి విప్పుతున్నాయి. ఎలుగుబంట్లు పుట్టినరోజులు చేసుకుంటున్నాయి.

ఇంత సందడిలో కూడా ఏ మార్పూ లేకుండా బతుకుతున్నవాడు జెర్రిపోతు శేషగిరి. జెర్రిపోతు అంటే విషం లేని పాము. పొడుగ్గా, ఎండుకొమ్మ రంగులో, ఎవరి జోలికీ పోకుండా ఉంటుంది. ఎలుకల సంగతి వేరు. శేషగిరి తన భార్య నాగరత్నంతో కలిసి మడుగుకు కొంచెం దూరంలో ఒక పాత పుట్టలో కాపురముంటున్నాడు. పొద్దున్నే మడుగుకు వెళ్ళి నీళ్ళు తాగటం, దారిలో కనిపించినవాళ్ళని పలకరించటం, తిరిగొచ్చి ఎండకు పడుకోవటం. అతనికి తెలిసిన లోకం అది.

మూడో ఏడు ఎండలు మండిపోయాయి. వాగులు ఎండాయి. నీళ్ళంటే ఇక పెద్దమడుగు ఒక్కటే. అక్కడ రోజూ గొడవ. ఎవరు ఎక్కువ తాగారు, ఎవరు రెండోసారి వచ్చారు, ఎవరు పక్క అడవి నుంచి వచ్చి దొంగతనంగా తాగిపోయారు అని.

సభలో గంభీరయ్య గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా! నీళ్ళు తక్కువ కాలేదు. తాగేవాళ్ళు ఎవరో మనకి తెలియటం లేదు. అదీ అసలు రోగం. నా దగ్గర మందుంది."

"ఏం మందు?" అన్నాడు భీమేశం.

"జాడ. ఈ అడవిలో పుట్టిన ప్రతి ప్రాణీ మన కచేరీకి వచ్చి తడిమట్టి పలక మీద కాలి జాడ వేయాలి. పలక మనం దాచుకుంటాం. మడుగు చుట్టూ కంచె కట్టి, గేటు దగ్గర ఇంకో తడిపలక పెడతాం. వచ్చినవాళ్ళు దాని మీద కాలు పెడితే, ఆ జాడా ఈ జాడా సరిపోతేనే నీళ్ళు. దొంగ ఎవడైనా ఇట్టే దొరుకుతాడు."

సభ చప్పట్లతో మారుమోగింది. భీమేశానికి సగం అర్థమైంది. ఆ సగం నచ్చింది.

గంభీరయ్య సభలో చెప్పనిది ఒకటుంది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఇదివరకటిలా కుందేళ్ళ వెంట పరిగెత్తలేకపోతున్నాడు. గేటు దగ్గర ఎవరు ఏ వేళకు వచ్చారు, ఏ దారిన పోయారు అన్నది రోజూ రాసి తన చేతికి ఇస్తే, పరిగెత్తాల్సిన పనే ఉండదు. సరైన పొద వెనక సరైన వేళకు కూర్చుంటే చాలు.

కచేరీ మొదలైంది. గుమాస్తాగా ఉడుము పట్టాభిని వేశారు. పట్టాభి ఒక మాట పట్టుకున్నాడంటే కొండ రాళ్ళు ఊడినా అతను ఊడడని అడవంతా పేరు. కచేరీ నుంచి మడుగు గేటు దాకా సాలీళ్ళ చేత ఒక పొడుగాటి దారం అల్లించారు. గేటు దగ్గర జాడ సరిపోతే కచేరీలోవాళ్ళు దారం మూడుసార్లు కదుపుతారు, లేకపోతే ఒకసారి. అందరూ దాన్ని నెట్టు అనేవారు. కాస్త గాలి వీచినా దారం తెగేది. "నెట్టు లేదు, రేపు రండి" అన్న మాట ఆ ఏడే అడవి భాషలో చేరింది.

అడవి తీరే మారిపోయింది. ఎదురుపడితే "బాగున్నావా" అనేవాళ్ళు "జాడ పడిందా" అంటున్నారు. సంబంధాలు చూడటానికి వెళ్ళినవాళ్ళు మొహం చూడటం మానేసి పాదాలు చూస్తున్నారు. గోళ్ళకు మోదుగపూల రంగు వేసే దుకాణాలు వెలిశాయి. కాళ్ళు బాగుండవని పాపం నెమళ్ళు బయటికి రావటమే తగ్గించాయి.

శేషగిరి కూడా కచేరీకి వెళ్ళాడు. వరుసలో అతని ముందు ఒక జెర్రి నిలబడి ఉంది. దానికి లెక్కలేనన్ని కాళ్ళు. ఒక్కో కాలూ పలక మీద పెడుతూ, పట్టాభి ఒక్కోదానికీ పేరు రాస్తూ, ఆవిడ ఒక్కదానికే మూడు రోజులు పట్టింది. నాలుగోరోజు శేషగిరి వంతు వచ్చింది.

"కాలు పెట్టు" అన్నాడు పట్టాభి తలెత్తకుండా.

"కాళ్ళు లేవండీ."

"చెయ్యి పెట్టు."

"చేతులూ లేవండీ. నేను పామునండీ. శేషగిరి అంటారు. రోజూ మీ కచేరీ ముందునుంచే పోతుంటాను."

పట్టాభి తలెత్తి చూశాడు. మళ్ళీ పలక వైపు చూశాడు.

"నాలుగు కాళ్ళవాళ్ళకి ఒక కాలమ్ ఉంది. రెండు కాళ్ళ పక్షులకి ఒక కాలమ్ ఉంది. ఎక్కువ కాళ్ళున్నవాళ్ళకి అదనపు పలకలు ఇస్తున్నాం. సున్నాకి కాలమ్ లేదయ్యా."

"పోనీ పొట్ట పెడతానండీ" అని శేషగిరి తడిమట్టి మీద ఈ చివరినుంచి ఆ చివరికి పాకాడు.

పట్టాభి పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది గీత. జాడ కాదు. గీత ఎవరైనా గీస్తారు."

"మరి నేనేం చేయాలండీ?"

పట్టాభి కాసేపు ఆలోచించి, గొప్ప ఉపాయం తట్టినట్టు ముందుకి వంగాడు. "నీ జాతి ఏమన్నావు? జెర్రిపోతా? అయితే ఇంకేం! ఇప్పుడే వెళ్ళిందే జెర్రి, ఆవిడ ఆడది. నువ్వు పోతువి. అంటే ఆవిడ మగడివి. కుటుంబ సభ్యుడి కింద ఎక్కించేస్తాను."

శేషగిరి వద్దు వద్దంటున్నా పట్టాభి రాసేశాడు. ఆ రాత అడవంతా పాకింది. శేషగిరి ఇంటికి చేరేసరికి నాగరత్నం పుట్ట బయట చుట్ట చుట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవరండీ ఆ జెర్రి?"

"అయ్యో, అది కచేరీ తప్పు..."

"కచేరీకి పని లేక పెళ్ళిళ్ళు చేస్తుందా? నూరు కాళ్ళు చూసి మురిసిపోయారేమో!"

మర్నాడు జెర్రి మొగుడే కర్రంత పొడుగున లేచి కచేరీ మీద పడి ఆ రాత కొట్టేయించాడు. శేషగిరి పేరు మళ్ళీ ఎక్కడా లేకుండా పోయింది.

నాగరత్నానికి కోపం తగ్గింది కానీ, ఒంట్లో బాగాలేదు. ఆమె కుబుసం విడిచే రోజులవి. పాముకి ఆ రోజుల్లో కళ్ళ మీద పొర కమ్ముతుంది. చూపు ఆనదు. చర్మం తడి లేకపోతే పాత పొర ఊడిరాదు, అక్కడక్కడా అతుక్కుపోయి ఒళ్ళు బిగిసిపోతుంది. నీళ్ళు కావాలి. నీళ్ళు మడుగులో ఉన్నాయి. మడుగుకు గేటుంది.

గేటు దగ్గర కాపలా కొంగ ధర్మయ్య. మంచివాడే. శేషగిరిని చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నాకు తెలుసయ్యా నువ్వెవరో. నా చిన్నప్పటినుంచి చూస్తున్నాను. కానీ దారం కదలందే నేను జరగలేను. ఉద్యోగం."

శేషగిరి అధ్యక్షుడి దగ్గరికే వెళ్దామనుకున్నాడు. వారానికొకసారి విన్నపాల రోజు ఉంటుంది. అక్కడ అతని పక్కన ముసలి ఏనుగు గంగమ్మ నిలబడి ఉంది. పెద్దమడుగు పూడిపోయినప్పుడల్లా తొండంతో పూడిక తీసింది ఆవిడే.

"నీకేమొచ్చిందక్కా? నీకు నాలుగు కాళ్ళున్నాయిగా" అన్నాడు శేషగిరి.

"ఉన్నాయి తమ్ముడూ. కానీ అరిగిపోయాయట. నలభై ఏళ్ళు రాళ్ళు తొక్కానా, అరికాలి గీతలు లేవు. నున్నటి గుండ్రం పడుతోందట పలక మీద. గంగమ్మదో, కుండదో తేల్చలేమంటున్నాడు పట్టాభి."

శేషగిరి వంతు వచ్చింది. అధ్యక్షుడు భీమేశం అతని గోడు అంతా విన్నాడు. పాపం జాలిపడ్డాడు కూడా.

"ఏమయ్యా గంభీరయ్యా, ఇదేదో చూడు."

గంభీరయ్య పలకల జాబితా తిరగేశాడు. "చూశాను అధ్యక్షా. రికార్డు ప్రకారం మన అడవిలో పాముల జనాభా సున్నా."

"మరి ఇప్పుడు నా ముందు ఉన్నదెవరు?"

"అపోహ, అధ్యక్షా."

భీమేశం కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాడు. శేషగిరి అక్కడే ఉన్నాడు. 

"ఒక్కదానికి మినహాయింపు ఇస్తే రేపు వానపాములొస్తాయి, ఎల్లుండి నత్తలొస్తాయి" అన్నాడు గంభీరయ్య చెవిలో. "ఇంత కష్టపడి తెచ్చిన పద్ధతి తప్పని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఎన్నికలు కూడా దూరంలో లేవు."

ఎన్నికల మాట వినగానే భీమేశం చూపు ఆకాశం వైపు వెళ్ళింది. ఆ పొద్దున్నే సభ ఏకగ్రీవంగా తీర్మానించింది: ఈ అడవిలో పాములు లేవు, ఉన్నట్టు కనిపించినవి రికార్డుకు లోబడవు.

శేషగిరి ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. దారంతా అతను రోజూ పాకే దారే. ఏ రాయి దగ్గర ఒళ్ళు వంచాలో, ఏ వేరు కింద దూరాలో చూడకుండా చెప్పగలడు. ఇన్నేళ్ళు ఈ దారిన పోయింది ఎవరు మరి? పుట్టలో నాగరత్నం తల నేలకు ఆనించి పడుకుని ఉంది. కళ్ళు పాలపొర కమ్మి తెల్లగా ఉన్నాయి.

"ఏమన్నారండీ?" అంది.

"మనం లేమన్నారు."

ఆమె మెల్లగా అంది, "లేకపోతే మరి నాకు దాహం ఎందుకవుతోందండీ?"

ఆ మాటకు శేషగిరికి ఏడుపొచ్చింది. పాములకి కన్నీళ్ళు రావు గనక బయటికి కనిపించలేదు. లేచి, ఏమీ చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో తిన్నగా మడుగుకు బయల్దేరాడు. అతని దగ్గర ఉపాయమేమీ లేదు. కొంగ పొడిచి చంపితే చంపనీ అనుకున్నాడంతే.

గేటు కింద నుంచి దూరి, అందరూ చూస్తుండగా నీళ్ళలో మూతి పెట్టాడు. వరుసలో ఉన్న లేళ్ళు, అడవిపందులు కేకలు పెట్టాయి. ధర్మయ్య రెక్కలు టపటపలాడిస్తూ వచ్చాడు.

"ఏయ్, ఎవరది?"

శేషగిరి తలెత్తాడు. ఏం చెప్పాలో తెలియక, నిజమే చెప్పాడు. "ఎవరూ కాదయ్యా. పొద్దున్నే సభ తేల్చింది."

ధర్మయ్య ముక్కు తెరిచి, అలాగే ఆగిపోయాడు. మనసులో నియమాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. జాడ లేకుండా ఒక జంతువు నీళ్ళు తాగితే పై అధికారికి రాయాలి. ఏ జంతువు అని రాయాలి? పాము అని రాస్తే, పాములు లేవన్న సభ అబద్ధమాడిందన్నట్టే. ఎవరూ తాగలేదని రాస్తే, అసలు రాయాల్సిన పనే లేదు. 

ధర్మయ్య ఒంటికాలి మీదకి మారి, ఆవలి గట్టు వైపు తిరిగాడు. "ఇవాళ గాలి చల్లగా ఉంది" అన్నాడు ఎవరితోనో.

శేషగిరి జరజరా పాకి వెళ్ళి నాగరత్నాన్ని తీసుకొచ్చాడు. ఆమె మడుగులో ఒళ్ళంతా మునిగి చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. గట్టెక్కి రాతికి మూతి రుద్దుకునేసరికి పాత పొర మూతి దగ్గర చీలి, తోక దాకా ఒక్క ముక్కలో వచ్చేసింది. కొత్త చర్మంతో, తేటపడిన కళ్ళతో ఆమె మొగుడి వైపు చూసి నవ్వింది. వరుసలో నిలబడ్డవాళ్ళంతా చూశారు. చూశామని ఒక్కరూ ఒప్పుకోలేదు.

అక్కడినుంచి శేషగిరి బతుకు హాయిగా మారిపోయింది. జాడ ఉన్నవాళ్ళకి సభ రోజురోజుకీ పనులు పెంచుతోంది. అధ్యక్షుడి పుట్టినరోజుకు రావాలి. ఉపన్యాసాలకు రావాలి, వచ్చినట్టు పలక మీద కాలు వేయాలి. ఏడాదికోసారి పాత జాడ రద్దు, కొత్త జాడ వేయించుకోవాలి. కాలికి దెబ్బ తగిలి జాడ మారితే ఆ దెబ్బ ఎలా తగిలిందో ముగ్గురు సాక్షులతో రుజువు చేయాలి. శేషగిరిని ఎవరూ ఏదీ అడగరు. లేనివాణ్ణి ఏమని పిలుస్తారు?

ఒకరోజు కుందేలు కనకమ్మ పుట్ట దగ్గరికి వచ్చింది. శేషగిరి ఎలుకలు తప్ప మరొకటి ముట్టడని ఆమెకి నమ్మకం. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, మా ఆయన మడుగుకు పోయి తిరిగి రాలేదు. మొన్న మా మరిది. అంతకుముందు మా పెద్దమ్మ. వేళ మార్చుకుని పోయినా, దారి మార్చుకుని పోయినా, సరిగ్గా అక్కడే గంభీరయ్య కూర్చుని ఉంటున్నాడు. ఆయనకెలా తెలుస్తోందన్నా?"

శేషగిరి ఆలోచించాడు. కచేరీ ముందు నుంచి పోయినప్పుడల్లా సాయంత్రం పట్టాభి ఒక పలకల కట్ట గంభీరయ్యకు అందించటం అతను చూస్తూనే ఉన్నాడు. లేనివాడి ముందు ఎవరూ ఏదీ దాచరు కదా.

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కనకమ్మ పుట్టకి ఇంకా దగ్గరగా జరిగింది.

"అయితే నీలా లేకుండా పోవాలంటే ఏం చేయాలన్నా?"

"నేనేమీ చేయలేదమ్మా. నేను ఇలాగే పుట్టాను. నీళ్ళు కావాలంటే మాత్రం గంగమ్మక్కనడుగు. మడుగు కింద నుంచి రాళ్ళగుట్ట వెనక్కి ఒక ఊట ఉందని ఆవిడ ఎప్పుడో అన్నది."

గంగమ్మ అరిగిన పాదాలతోనే వెళ్ళి, నాలుగు రోజులు తవ్వి, రాళ్ళగుట్ట వెనక ఊట పైకి తెచ్చింది. అక్కడ అన్నీ బండరాళ్ళు. ఎవరు నడిచినా జాడ పడదు. ముందు కుందేళ్ళు మారాయి. తర్వాత లేళ్ళు. ఆ పైన పందులు, ముళ్ళపందులు, చివరికి నెమళ్ళు కూడా. ఏడాది తిరిగేసరికి కొత్త జాడ వేయించుకోవటానికి కచేరీకి చాలామంది రాలేదు. పట్టాభి నియమం ప్రకారం రానివాళ్ళ పలకలు ఒక్కొక్కటీ తీసి పగలగొట్టాడు.

అడవి జనాభా నాలుగో వంతుకు పడిపోయిందని గంభీరయ్య సభకు నివేదిక ఇవ్వాల్సి వచ్చింది. ఆయన ఏమాత్రం తొణకలేదు.

"అధ్యక్షా, శుభవార్త! దొంగజాడలు ఏరేశాం. ఇన్నాళ్ళూ మన నీళ్ళు తాగినవాళ్ళలో మూడొంతులు నకిలీలని తేలింది. చూడండి, మడుగు ఎలా నిండుగా ఉందో!"

నిజంగానే నిండుగా ఉంది. ఎవరూ రాకపోతే నిండక ఏమవుతుంది. భీమేశానికి పక్క అడవివాళ్ళు ఆదర్శ అధ్యక్షుడని పూలదండ వేశారు. ఆ దండ ఆయనే తినేశాడు.

గంభీరయ్యకి మాత్రం లోపల బెంగ. కుందేళ్ళు దొరకటం లేదు. పైగా పదో ఏడు ఎన్నికలు వచ్చేస్తున్నాయి. ఈసారి ఆ దున్నని దింపి తానే అధ్యక్షుడవ్వాలని ఆయన కోరిక. కానీ ఓటు వేయటానికి జాడ ఉన్నవాళ్ళు ఉండాలి కదా. ఎవరున్నారు?

ఎలుకలున్నాయి. ఎలుకల పెద్ద దానయ్యను పిలిపించాడు.

"దానయ్యా, మీవాళ్ళంతా జాడలు వేయించుకోండి. ఒక్కొక్కరు నాలుగు కాళ్ళకి నాలుగు పలకలు వేసుకున్నా పట్టాభి అడ్డు చెప్పడు, నేను చూసుకుంటాను. ఓట్లు నాకు వేయండి. ధాన్యం దొరికే పొదలు మీకే."

"తమరి దయ" అన్నాడు దానయ్య. అతను మీసాలు దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి తొమ్మిదివందల ఎలుకలకు మూడువేల ఆరువందల జాడలు వచ్చాయి. 

ఎన్నికలయ్యాయి. పలకలు లెక్కపెడితే భీమేశానికి తొమ్మిది ఓట్లు, గంభీరయ్యకి ఒకటి. మిగతావన్నీ దానయ్యకి. నామినేషన్ ఎప్పుడు వేశాడో గంభీరయ్యకి తెలియనే తెలియదు.

"నువ్వు నాకు మాటిచ్చావు కదయ్యా!" అన్నాడు గంభీరయ్య.

"తమరి దయ అన్నాను. తమరి దయవల్లే గదా గెలిచాను" అన్నాడు అధ్యక్షుడు దానయ్య.

దానయ్య గద్దె మీద కూర్చోగానే మొదట అడిగిన ఫైలు పాములది. పాములు లేవని తీర్మానం చూసి ఎలుకలన్నీ గంతులేశాయి. ఆ సంబరంలో పాటలు పాడుతూ పుట్ట పక్కనుంచి పోయిన ఇద్దరు సభ్యులు సాయంత్రానికి కనిపించలేదు.

"ఎవరు తిన్నారు?" అని దానయ్య గర్జించబోయి కిచకిచలాడాడు.

"రికార్డు ప్రకారం ఎవరూ తినలేదండీ" అన్నాడు పట్టాభి.

దానయ్య గడుసువాడు. లేని పాముని వెళ్ళగొట్టటం కుదరదు. వెళ్ళగొట్టాలంటే ముందు అది ఉండాలి. వెంటనే సున్నా కాళ్ళ కాలమ్ తెరిపించాడు. ఏడేళ్ళ కిందట శేషగిరిని తిప్పి పంపిన పట్టాభే కొత్త పలక నెత్తిన పెట్టుకుని పుట్ట దగ్గరికి వచ్చాడు.

"శేషగిరి గారూ! శేషగిరి గారూ! తమరి దరఖాస్తు మంజూరైంది. పొట్ట జాడ వేస్తే చాలు. గీత అయినా ఫరవాలేదు."

ఆ "గారు" విని శేషగిరి ఒక్క క్షణం మెత్తబడ్డాడు. ఆ రోజు ఎండలో నిలబడి అడిగింది ఇదే కదా. తల బయటికి పెట్టబోయాడు. వెనకనుంచి నాగరత్నం తోక పట్టుకుని లాగింది.

"ఏమండీ, అప్పుడు నీళ్ళకి లేనివాళ్ళం ఇప్పుడు ఎందుకు కావలసి వచ్చామో అది అడగండి."

శేషగిరి లోపలినుంచే అడిగాడు. పట్టాభికి అబద్ధం చెప్పటం రాదు. "జాడ పడగానే బహిష్కరణ ఉత్తర్వు ఇస్తారండీ. రెండూ ఒకే పలక మీద రాసి ఉన్నాయి."

"అయితే ఇక్కడ ఎవరూ లేరండీ" అంది నాగరత్నం. పట్టాభి రెండు రోజులు పుట్టను పట్టుకుని వేలాడి, మూడోరోజు ఖాళీ పలకతో వెళ్ళిపోయాడు.

పాము దొరక్కపోయేసరికి దానయ్యకి మంట ఎక్కింది. పాత పలకలన్నీ తిరగేయించాడు. మాంసం తినేవాళ్ళలో జాడ ఇంకా మిగిలి ఉన్నది ఒక్కడే: గంభీరయ్య. తన పద్ధతి కాబట్టి ఏటా మొదటి రోజే వేయించుకునేవాడు. కుందేళ్ళు పోయిన ప్రతి పొద వెనకా ఆయన జాడే ఉంది. ఎలుకలు మూడువేల ఆరువందల ఓట్లతో ఆయన్ని పట్టి తెమ్మని తీర్మానించాయి.

గంభీరయ్య పారిపోయాడు. ఎటు పోయినా మట్టిలో కాళ్ళ గుర్తులు. ఎలుకలు గుంపులు గుంపులుగా ఆ గుర్తులు పట్టుకుని వస్తున్నాయి. రొప్పుకుంటూ వచ్చి పుట్ట ముందు కూలబడ్డాడు.

"శేషగిరీ! నాయనా! ఈ పదేళ్ళలో ఈ అడవిలో నిశ్చింతగా బతికింది నువ్వొక్కడివే. ఎలాగో నాకు చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నాకు కాళ్ళు లేవు కదండీ" అన్నాడు శేషగిరి. అతనికి వెక్కిరించాలని లేదు. ఆయాసపడుతున్నవాణ్ణి చూస్తే తనకి ఎండలో మడుగుకు బయల్దేరిన రోజు గుర్తొచ్చింది. "నేను పొట్ట మీద పాకుతాను. అంతే. ఇంకేమీ తెలియదు."

గంభీరయ్య నాలుగు కాళ్ళూ ఒంటికి అదుముకుని, పొట్ట నేలకానించి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా పళ్ళు బిగబట్టి పాకటం మొదలుపెట్టాడు. గుట్ట దిగాడు. బురద దాటాడు. వెనక్కి తిరిగి చూసుకుంటే కాలి గుర్తు ఒక్కటీ లేదు. పొడుగాటి గీత మాత్రం ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది.

మలుపు తిరిగేసరికి దానయ్య, అతని వెనక ఎలుకలు, వాటి వెనక పలకతో పట్టాభి.

"పాము!" అని ఎలుకలు కెవ్వుమన్నాయి.

"దొరికింది, రాయండి!" అన్నాడు దానయ్య.

పట్టాభి వంగి ఆ గీతను పరీక్షగా చూశాడు. పలక కింద పెట్టి దాని మీద రాశాడు: పేరు శేషగిరి, జాతి పాము, కాళ్ళు సున్నా.

"ఓరి పట్టాభీ! నేనురా, గంభీరయ్యను! ఇవిగో నా కాళ్ళు, ఒకటి, రెండు, మూడు, నాలుగు!" అని నక్క నాలుగు కాళ్ళూ పైకెత్తి చూపించాడు.

పట్టాభి ఓపికగా అన్నాడు, "అవి అపోహ అండీ. గీత పడిపోయింది. పడిన జాడ మార్చటానికి తమరి పద్ధతిలో వీలు లేదు."

ఆ సాయంత్రమే నక్క గంభీరయ్యని పాము శేషగిరిగా అడవి సరిహద్దు దాటించారు. అడవిలో ఉన్న ఒకే ఒక్క పామునీ వెళ్ళగొట్టామని పిట్టలు రెండుపూటలా కూశాయి. ఎలుకలు తలుపులు తీసి పెట్టుకుని నిద్రపోవటం మొదలుపెట్టాయి. పుట్టలో నాగరత్నం భర్తతో, "ఏమండీ, ఇవాళ మీకు ఆకలిగా ఉందా?" అంది.

నీతి: అడవిలో బతకటానికి కాళ్ళుంటే మంచిదే, హాయిగా బతకాలంటే మాత్రం అవి రికార్డులో ఉండకూడదు.